మూడో ఎర్ర తీగ

నమోదు 112

ఈ కొండ మీద నాకు మనుషులు వీపులతోనే పరిచయం. ముఖం చూడాలంటే గాలి గొట్టం తియ్యాలి. ఇంత ఎత్తులో అది ఎక్కువసేపు తీస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకని మోత దళం వాళ్ళు వచ్చినవాళ్ళు వచ్చినట్టే నా బల్ల మీద బోర్లా పడుకుని తల ప్రాణవాయువు నింపిన గాలి డేరాలోకి దూర్చేస్తారు. కోటుకు నడుము దగ్గర ఒక మూత ఉంటుంది, మస్తానయ్య అది విప్పుతాడు. జానెడు చర్మం బయటపడుతుంది. దాని మీద జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, తెర మీద ఎముకల నీడలు చూసుకుంటూ, ఏ కీలు వాచిందో దాని పక్కకి సూది పంపిస్తాను. నీడల మధ్య సూది తెల్లగీతలా దిగుతుంది. మందు పడ్డాక కాసేపటికి మూలుగు ఆగుతుంది. మనిషి లేచి కోటు మూసుకుని పోతాడు. చాలామంది థాంక్స్ కూడా డేరాలోంచే చెబుతారు.

మస్తానయ్య హవల్దారు, నెల్లూరువాడు, నా కుడిచెయ్యి. జెల్ సీసా గడ్డకట్టకుండా పొద్దస్తమానం చంకలో పెట్టుకుని తిరుగుతాడు. "నా ఒంట్లో ఉండే వేడంతా వీళ్ళ వీపులకే పోతావుంది మేడమ్, నాకేం మిగల్లా" అని రోజుకోసారైనా సణుగుతాడు. నేను వినను. విననని తెలిసినా సణగడం మానడు. మాకు పొద్దు గడిచేది ఇలాగే.

ఇంజిన్ అనేది ఈ కొండ మీద లేదు. ఇంజిన్ వేడి తగిలితే చాలు, అవతలివాళ్ళ గద్ద, అంటే మనిషి లేని విమానం, ఆకాశంలోంచి దిగి అక్కడ ఉన్నదాన్ని ఉన్నట్టు కాల్చేస్తుంది. మన గద్దలూ అవతల అదే పని చేస్తాయి. మనిషి వేడి మాత్రం దానికి ఆనదు, నక్కో కుక్కో అనుకుని వదిలేస్తుంది. కంచరగాడిదలు పోయిన శీతాకాలం రోగమొచ్చి పోయాయి. కనుక ఈ యుద్ధానికి కావలసిన బియ్యం, మందుగుండు, దుప్పటి, కిరసనాయిలు, ఏదైనా సరే మనిషి నడుము మీదనే పైకి రావాలి, ఇక్కణ్ణించి శిఖరం మీది ఠాణాకూ అలాగే వెళ్ళాలి. మోతవాళ్ళకు స్ప్రింగు చట్రాలిచ్చారు. బరువు భుజాలమీద పడకుండా నడుము మీదికి దించుతుంది చట్రం. భుజాలు బాగుపడ్డాయి. నడుములు నా దగ్గరికొచ్చాయి.

బల్లమీద పడుకున్నది ఎవరో నాకు చెప్పేది గుమ్మం పక్కన ఆనించిన చట్రమే. దాని పిడి మీద నంబరు ఉంటుంది. సూది వేసినప్పుడల్లా ఆ పిడికి ఒక ఎర్ర తీగ చుడతాను. మూడుకు మించి ఈ మందు ఎక్కిస్తే ఎముకే డొల్లవుతుంది, అందుకని మూడో తీగ పడిన రోజున చట్రం లాగేసుకుని మనిషిని కిందికి దింపేస్తారు. ఇందులో కమాండెంటుకు గానీ నాకు గానీ చెప్పడానికేం లేదు. తీగ ఎంత చెబితే అంత.

ఇవాళ పోలమ్మకు రెండో తీగ పడింది.

పోలమ్మ వీపు చట్రం చూడకుండానే గుర్తుపడతాను. అందరికీ నడుములో ఐదు పూసలుంటే ఆమెకు ఆరున్నాయి. అలాంటివాళ్ళు అక్కడక్కడా ఉంటారు. కింది నుంచి లెక్కపెట్టుకుంటూ పోయే నాలాంటివాళ్ళను పప్పులో కాలు వేయించే వీపు అది. మొదటిసారి ఆ సంగతి చెబితే డేరాలోంచి, "మాయమ్మ ఆరుగుర్ని కన్నాది మేడమ్, నెక్కకి సరిపోనాది" అంది. ఆ రోజంతా నవ్వుకున్నాను. ఇవాళ మాత్రం ఆ చలాకీ లేదు. సూది వేశాక ఎప్పటిలాగే కాలి బొటనవేలు పైకెత్తమన్నాను. ఎడమది లేచింది. కుడిది ఆలోచించుకుని లేచింది.

నమోదు 115

మొన్న నా దగ్గర మందు పడ్డవాడొకడు ఇవాళ స్ట్రెచర్ మీద తిరిగొచ్చాడు. నొప్పి మాయమయ్యేసరికి ఒళ్ళు తెలియలేదు. తనతో నడిచే జంటవాడి బరువు కూడా కొంత తన మీద వేయించుకున్నాడట. ఎక్కుతుంటే లోపల పూస నలిగిపోయింది. అప్పుడు కూడా నొప్పి తెలియలేదు, కాళ్ళు ఆడకపోతే అప్పుడు చూసుకున్నాడు. నలుగురు మోసుకుంటూ అతన్ని కిందికి తీసుకెళ్ళారు. ఆ నలుగురూ మోయాల్సిన బియ్యం గుమ్మం బయటే ఉంది.

నొప్పి అనేది ఇంటి ముందు కాపలా కుక్క. నేను రోజూ దానికి మత్తు పెడుతున్నాను. తరవాత దొంగ పడ్డాడని గుండెలు బాదుకుంటున్నాను.

ఈ మాట మా కమాండెంట్ భూపతిరావు దగ్గర అన్నాను. ఆయన కరీంనగర్ మనిషి, మాట పొదుపు. ఆయన మోకాలు కూడా నా ప్రోబ్ కింద పడింది, కాబట్టి నేనంటే కొంచెం మొహమాటం.

"డాక్టర్, పైన ఠాణాల ఎంతమంది ఉన్నరో మీకు ఎరుకే. మంచు పడితే కనుమ మూసుకపోతది. మళ్ళ ఎండాకాలం దాక ఎవ్వరు ఎక్కరు. వాళ్ళకు ఇంకొక్క మోత పంపాలె. ఒక్కటి."

"పంపండి. నడుము తెగిపోయేవాళ్ళను ముందే దింపేసే అధికారం నాకివ్వండి."

"అది ఇంతకుముందున్న డాక్టర్‌కు ఇచ్చినం. పాపం, పాపం అనుకుంట సగం దళాన్ని దింపిండు. ఆ చలికాలం పైనోళ్ళు తోలు బెల్టులు ఉడకబెట్టుకొని తిన్నరు. అప్పటిసంది ఈ తీగల లెక్క పెట్టిన్రు. మూడు తీగలు పడాలె, లేకుంటే మనిషి పడాలె. నడ్సినంతసేపు నడ్సుడే."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అదే నాకు కోపం. ఎదుటివాడు దుర్మార్గుడైతే తిట్టుకుని హాయిగా పడుకోవచ్చు.

నమోదు 118

పోలమ్మ జంట చిన్నమ్మడు వచ్చింది. మోత దళంలో ఒంటరిగా ఎవరూ నడవరు. తన చట్రం పట్టీలు తనకు అందవు, జంటమనిషే బిగించాలి. ఠాణా దారిలో ఉన్న జారుడు బండ దగ్గర ఒకరి నడుముకు ఒకరు తాడు కట్టుకుంటారు. ఒకరు జారితే ఇంకొకరు కూలబడి ఆపుతారు. వీళ్ళిద్దరూ పార్వతీపురం అవతలివాళ్ళు, ఒకే ఊరు కాదు, చుట్టరికం లేదు. మూడేళ్ళుగా ఒకే తాడు. చిన్నమ్మడు ఆమెను అప్ప అంటుంది.

చిన్నమ్మడు బల్ల ఎక్కలేదు. గుమ్మంలోనే నిలబడి గాలి గొట్టం పక్కకి తీసింది. గుండ్రటి ముఖం, చలికి బుగ్గలు పగిలిపోయి ఉన్నాయి.

"మేడమ్, అప్ప కాలు ఈడుస్తన్నాది. రాళ్ళని తన్నుకుంటా నడుస్తన్నాది. ఎనకాల నడిసేదాన్ని నాకు తెల్దేటి? అడిగితే బూటు ఒదులంటాది."

"తీసుకురా."

"ఒస్తే మూడో సూది ఏసీసి దింపీస్తారని అది రాదు. ఆళ్ళ తమ్ముడు సన్నాసి పైన ఠాణాలోనే ఉన్నాడు కదండీ. ఆడికి ఈ ఆకరి మోత అందించీదాకా దిగనంటాది."

చివరికి నేనే వాళ్ళ గుడారానికి వెళ్ళాను. పోలమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. ఆమె ముఖం సరిగ్గా చూడడం అదే మొదలు. సన్నటి మనిషి, నలభైకి దగ్గరపడి ఉంటుంది, ఒక కన్ను కొంచెం చిన్నది. కూర్చోబెట్టి బూటు విప్పించాను. బొటనవేలు ఎత్తమన్నాను. ఎడమది ఎత్తింది. కుడిది ఎత్తలేదు. పళ్ళు బిగించి చూసింది, నుదుట చెమట పట్టింది, వేలు కదల్లేదు.

"చూశావుగా" అన్నాను. "లోపల నరం నలుగుతోంది. ఇప్పుడు దిగి ఆపరేషన్ చేయించుకుంటే కాలు నిలుస్తుంది. ఇంకోసారి బరువెత్తావంటే రెండు కాళ్ళూ పోవచ్చు. ఒంటికీ రెంటికీ ఇంకొకరు పట్టుకెళ్ళాల్సిన బతుకవుతుంది. దాచి చెప్పడం నాకు చేతకాదు."

"నాకు నొప్పి నేదు కదా మేడమ్."

"నేను లేకుండా చేశాను కాబట్టి లేదు."

"అయితే ఇంకేటి. పైన సన్నాసి ఉన్నాడు. ఈ మోతొకటి ఎల్లనియ్యండి. ఆ మీద కాళ్ళే తీసీండి, పోనీ" అని బూటు తొడుక్కుంది. బూటు తాడు మాత్రం చిన్నమ్మడు కట్టింది.

కమాండెంట్ దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండే మాటలు అడిగాడు. నడుస్తున్నదా, తీగలు ఎన్ని. నడుస్తోంది, రెండు. ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు, నేను బయటికొచ్చాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందులో పడేది మాత్రం నేను కాదు, పోలమ్మ.

నమోదు 119

పొద్దున్నే గుమ్మం దగ్గర చట్రం ఆనించి ఉంది. పిడికి రెండు ఎర్ర తీగలు. నంబరు పోలమ్మది.

బల్లమీద బోర్లా పడుకుని ఉంది, తల డేరాలో. నాకు ప్రాణం లేచొచ్చినట్టైంది. బుద్ధి వచ్చింది, తనంతట తనే వచ్చింది అనుకున్నాను. మస్తానయ్య మూత విప్పాడు. జెల్ రాస్తే ఉలిక్కిపడింది. "నొప్పి ఎక్కడ?" అన్నాను. వెనక్కి చెయ్యి పెట్టి కుడివైపు కింద చూపించింది. మాట్లాడలేదు.

ప్రోబ్ ఆనించాను. నడుము అడుగున ఉండే త్రికం ఎముక దగ్గర మొదలుపెట్టి పైకి జరుపుతూ పూసలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆ పైన పక్కటెముక కనిపించింది. మళ్ళీ కిందికి వచ్చి లెక్కపెట్టాను. ఐదే. కీళ్ళు చూశాను. వాపు లేదు, అరుగుదల లేదు. తీర్చి పేర్చిన కొత్త గోడలా ఉంది వీపు. ఈ కొండమీద ఇంత శుభ్రమైన నడుము చూసి ఎన్నాళ్ళైందో.

"పోలమ్మా, నీ పూస ఒకటి ఎక్కడ పారేసుకున్నావు?" అన్నాను.

డేరాలోంచి వెక్కిళ్ళు వినిపించాయి.

"తల బయటికి తియ్యి."

చిన్నమ్మడు తల తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏసీండి మేడమ్" అంది. "నాకే ఏసీండి. ఏసీసి అప్ప సట్రానికి మూడో తీగ కట్టీండి. అది దిగిపోద్ది. ఇంకో దారి నేదు. నాను మొత్తం ఆలోసించినాను."

మస్తానయ్య జెల్ సీసా చంకలోంచి తీసి బల్లమీద పెట్టాడు. "ఏందిమ్మే ఇది" అన్నాడు మెల్లిగా.

నాకు ముందు కోపం వచ్చింది. నిక్షేపం లాంటి నడుములోకి మందు ఎక్కించుకోవడానికి వచ్చింది ఈ పిల్ల. ఊరుకున్న ప్రాణానికి ఉరి అంటే ఇదే. ఆ వెంటనే నా మీద నాకు కోపం వచ్చింది. రాత్రంతా దొర్లాను, చట్టం తిరగేశాను, కమాండెంటును బతిమాలాను, ఈ దారి మాత్రం నాకు తట్టలేదు. తీగ మనిషికి కాదు, చట్రానికి చుడతామని ఆమెకు గుర్తుంది, నాకు లేదు.

"తను దిగిపోతే నీ సంగతేమిటి? నీకు జంట ఎవరు?"

"ఎవులూ నేరు. అందరూ మీ తీగలతోనే దిగిపోనారు కదా. మిగిలింది మేమిద్దరం, ఇంకో నలుగురు, ఆళ్ళకి ఆళ్ళే జంటలు. ఒంటి మోత ఎల్తాను. సన్నాసికి బియ్యం నాను అట్టుకెల్తాను."

"జారుడు బండ దగ్గర తాడు?"

"సూసుకుంటాను."

"ఏం చూసుకుంటావు, తాడు ఒక కొసన నువ్వుంటే రెండో కొసన ఎవరుంటారు?"

"అప్పకి కాళ్ళుండాల మేడమ్" అంది, అంతే. "ఏసీండి."

ప్రోబ్ తుడిచి పక్కన పెట్టాను. బాగున్న వీపులోకి సూది దించడం నా వల్ల కాదు. కోటు మూసుకోమన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి, చట్రం పిడికి మూడో తీగ చుట్టాను. తీగ వంకరగా పడింది. విప్పి మళ్ళీ చుట్టాను.

"నేనేం చూళ్ళేదు మేడమ్" అన్నాడు మస్తానయ్య గోడ వైపు తిరిగి. "పొద్దున్నించీ ఈ జెల్ మూతే తిప్పతా ఉండాను."

నమోదు 120

మధ్యాహ్నానికి చట్రం లాగేసుకున్నారు. సాయంత్రం పోలమ్మ వచ్చింది. పెద్దగా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బల్లమీద కూర్చుని గాలి గొట్టం తీసేసి నా వైపు చూసింది.

"మూడో సూది నాకు ఎప్పుడు ఏసినారు మేడమ్?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు.

"సిన్నమ్మడు ఒప్పీసుకున్నాది" అంది. "రెండు తగిలించినాను. పడ్డాది. ఏడిసినాది. నానూ ఏడిసినాను. మీరు నాకు సెప్పకుండా, నా ఎన్ను గురించి మీరూ మీరూ అనుకునీసినారు."

"నీ కాళ్ళ కోసం."

"కాళ్ళు నావి. అడగాల కదా."

చేసింది సరైన పనే అనుకుంటున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆమె ముందు నిలబడితే సరైన పని చేసినదానిలా లేను.

మళ్ళీ ఆమే అందుకుంది. "సరే, కట్టినారు. దిగుతాను. గాని నన్ను స్ట్రెచర్ మీద అట్టుకెల్తారట. నలుగురు మొయ్యాలట. ఆ నలుగురూ నా కూడా కిందికి దిగితే, మంచు పడీలోగా పైకి ఎవులు మోస్తారు? సిన్నమ్మడు ఒక్కర్తే. ఆ జారుడు బండ మీద, ఒక్కర్తే."

తాడు సంగతి అడిగాను గానీ, స్ట్రెచర్‌కు ఆ నలుగురూ పోతారన్నది నేను ఆలోచించలేదు. చిన్నమ్మడూ ఆలోచించలేదు. ఒకరి కాళ్ళు కాపాడాలన్న కంగారులో ఇద్దరమూ కలిసి రెండో మనిషిని బండ మీదికి ఒంటరిగా తోసేశాం. మా ఇద్దరి తెలివీ అంతవరకే అందింది.

"మూడో తీగ కట్టీసినారు గదా" అంది పోలమ్మ. "మరి సూదేది? కట్టినదానికి సూది ఏసీండి. నొప్పి నేకపోతే నాను నడిసే దిగిపోతాను. ఆ నలుగురూ సిన్నమ్మడితో పైకి ఎల్తారు. అయిదుగురు ఒక తాడు మీదుంటే ఏటీ కాదు."

ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. స్ట్రెచర్ మీద కదలకుండా దిగితే కాలు నిలిచే ఆశ గట్టిగా ఉంది. నడిచి దిగితే, బరువు లేకపోయినా, ఆ నరం తట్టుకోవచ్చు, తట్టుకోకపోవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి ఏది ఎప్పుడు చెడిందో తనకు కూడా తెలియదు. విని తల ఊపింది.

"ఇంకొకటి. నొప్పి పోయాక నువ్వు పైకి పోవని నాకేమిటి నమ్మకం? దారి చీలేచోట నిన్ను ఆపేవాళ్ళు లేరు."

"నన్ను నమ్మకుండానే కదా మీరిద్దరూ తీగ కట్టీసినారు" అంది. "ఈపాలి నమ్మి సూడండి."

బోర్లా పడుకుంది. మస్తానయ్య మూత విప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆరు పూసలూ కనిపించాయి, మంటెక్కిన కీలు కనిపించింది, దాని పక్కన ఒత్తుకుపోతున్న నరం కూడా. సూదిని ఇంత నెమ్మదిగా ఎప్పుడూ దించలేదు. మందు చుక్కచుక్కగా పరుచుకోవడం చూస్తూ ఉండిపోయాను.

లేచి కూర్చుని, "ఇప్పుడు నెక్క సరిపోనాది" అంది. ఆమె నవ్వలేదు.

నమోదు 121

కమాండెంట్‌తో వాదించవలసి వస్తుందని సిద్ధపడి వెళ్ళాను. నలుగురు మోతవాళ్ళు మిగులుతారన్న మాట పూర్తికాకముందే ఆయన సరేనన్నాడు. తరవాత, "ఆమె నిజంగనే నడుస్తదా?" అని అడిగాడు. నడుస్తుందన్నాను. ఆయన నా ముఖంలో ఇంకేదో వెతికాడు.

ఎండ వచ్చాక అందరూ బయలుదేరారు. దారి చీలేచోటు మా గుమ్మానికి ఎదురుగానే. పైకి వెళ్ళేది ఎడమకి, దిగేది కుడికి. మస్తానయ్య పోలమ్మ కుడి బూటుకు ఒక తోలు పట్టీ బిగించి, దాన్ని పిక్కకు కట్టాడు, వేలు నేలకు తగలకుండా. పట్టీ ఏ చట్రానిదో నేను అడగలేదు.

ఐదు చట్రాలు బారుగా నిలబడ్డాయి. పోలమ్మ కుంటుతూ చిన్నమ్మడు వెనక్కి వెళ్ళి పట్టీలు బిగించింది. పై పట్టీ, నడుము పట్టీ, కింద పట్టీ. కింద పట్టీ విప్పి మళ్ళీ బిగించింది.

"అప్పా, కోపమా?" అంది చిన్నమ్మడు వెనక్కి తిరక్కుండా.

"కోపమే. నువ్వు దిగొచ్చినాక తీరుద్ది. ఎల్లు."

అంతకన్నా మాట్లాడుకోలేదు. ఐదుగురూ ఎడమకి కదిలారు. పోలమ్మ అక్కడే నిలబడింది. నేను గుమ్మంలో నిలబడి ఆమె కాళ్ళనే చూస్తున్నాను. నమ్మానని చెప్పినంత తేలిక కాదు నమ్మడం. ఎడమ కాలు ముందుకు పడింది, నేను గుమ్మం దిగాను. ఆ అడుగు నిలదొక్కుకోవడానికే. ఆ మీద కుడికి తిరిగింది. కింది ఆసుపత్రికి ఎవరైనా తోడు ఉండాలని సరుకు కొట్టు మనిషిని వెంట పంపాం. ఇన్నేళ్ళూ బరువు కింద నడిచిన మనిషి, వీపు మీద ఏమీ లేకపోయేసరికి తూలుతూ నడిచింది.

మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చి ఏడ్చాను. మస్తానయ్య బల్ల తుడుస్తూ కూర్చున్నాడు, చాలాసేపు తుడిచాడు.

పై ఠాణాకు చేరినవాళ్ళు, ఒక్కొక్కరికి ఒక్కో పసుపు గుడ్డ చొప్పున రాతి గోడకు వేలాడదీస్తారు. వైర్‌లెస్ వాడితే గద్ద వింటుంది. దుర్భిణితో ఇక్కడి నుంచి కనిపిస్తాయి, మబ్బు లేకపోతే.

నమోదు 127

మబ్బు. నాలుగు రోజులుగా మబ్బే. పైన మంచు పడింది, కనుమ మూసుకుపోయింది. వాళ్ళు ఐదుగురూ ఇక శీతాకాలమంతా పైనే.

కింది ఆసుపత్రి నుంచి కబురు మనిషి వచ్చాడు. పోలమ్మకు ఆపరేషన్ అయింది. ఎడమకాలు బాగుంది. కుడి పాదం ఇక లేవదు. పట్టీ వేసుకుని నడుస్తుంది, బతికినంతకాలం. నడిచి దిగడం వల్ల పోయిందా, అంతకుముందే పోయిందా, నా రెండో సూది తరవాత ఎక్కిన మోతతో పోయిందా, సర్జన్ చెప్పలేనన్నాడట. ఈ స్థితిలో ఈమెను నడిపించింది ఎవరని మాత్రం అడిగి రమ్మన్నాడు. నా పేరు చెప్పమన్నాను.

"ఆమె ఇంకేమైనా అందా?"

"ఒకటే అడగమంది మేడమ్. చిన్నమ్మడు చేరిందా అని."

అతన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చాం. ఏం చెప్పి పంపాలో తెలియక ఇంకో గ్లాసు ఇచ్చాం. మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. మస్తానయ్య బయటినుంచి పిలిచాడు. మబ్బు చీలి పై రాయి కనిపిస్తోంది.

దుర్భిణి అందుకుని చూశాను. గుడ్డలు కనిపించాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. రాతి అంచు దాకా వెతికాను. వెనక్కి వచ్చి మళ్ళీ లెక్కపెట్టాను. వీపుల మీద లెక్కపెట్టడం అలవాటైన కళ్ళు ఇవి. నాలుగే. మస్తానయ్య తీసుకుని చూశాడు. తిరిగి ఇచ్చాడు. ఐదో గుడ్డ గాలికి ఎగిరిపోయి ఉండవచ్చు. రాయి అవతల ఇరుక్కుని ఉండవచ్చు. మంచు అంటుకుని తెల్లబడి ఉండవచ్చు. ఇంకొకటి కూడా జరిగి ఉండవచ్చు. జరిగినా, అది ఎవరికి జరిగిందో ఇక్కణ్ణించి తెలియదు. మబ్బు మళ్ళీ మూసుకుంది.

కబురు మనిషి లేచి నిలబడ్డాడు, పొద్దు ఉండగానే దిగాలి.

"చేరిందని చెప్పి పంపండమ్మా" అన్నాడు మస్తానయ్య. మేడమ్ అనడం మరిచిపోయాడు. "కోత పచ్చి మీదుంది ఆ బిడ్డకి. నిజమేందో ఎండాకాలంలో తెలస్తది. అప్పటికి కోలుకుంటది. మన సొమ్మేం పోద్ది?"

నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. చేరింది అంటే చాలు. ఐదింట నాలుగు వంతులు అది నిజమే కూడా. ఆమె మేలు కోరే ఆ అబద్ధం. ఆమె మేలు కోరి, ఆమెను అడక్కుండా, ఇంతకుముందు ఒకటి చేశాను. కాళ్ళు నావి, అడగాల కదా అంది.

"ఇలా చెప్పు" అన్నాను కబురు మనిషితో. "ఐదుగురు ఒకే తాడు మీద ఎక్కారు. నాలుగు గుడ్డలు కనిపించాయి. ఐదోది కనబడలేదు. చిన్నమ్మడు గుడ్డ ఆ నాలుగింటిలో ఉందో లేదో మాకు తెలియదు. మబ్బు విడిచినప్పుడల్లా చూస్తాం, చూసింది చూసినట్టు కబురు పంపుతాం. మాట మార్చకు."

అతను పెదాలు కదుపుతూ గుర్తుపెట్టుకున్నాడు. "ఏడిస్తే ఏం చెయ్యాలి మేడమ్?"

"పక్కన కూర్చో. తను పొమ్మనేదాకా లేవకు."

అతను దిగిపోయాడు. మస్తానయ్య నా మీద కోపంతో లోపలికి వెళ్ళాడు, కాసేపటికి టీ గ్లాసుతో బయటికొచ్చి నా పక్కనే నిలబడి, దుర్భిణి కోసం చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. వెలుతురు ఉన్నంతసేపు నేనే పట్టుకున్నాను.